కట్టిన చేతే విప్పాలి

ఎర్రలైటు మళ్లీ వెలిగింది. ఇది నాలుగోసారి.

మొదటి వారం నుంచి చదువుతున్నవాళ్లకు ఆ లైటు సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లకూ ఈపాటికి నాలాగే విసుగొచ్చి ఉంటుంది. ఇవాళే పత్రిక చేతికందినవాళ్ల కోసం మాత్రం నాలుగు ముక్కలు. ఎల్లారెడ్డిలో సాయిలతకు ఒక పాత కారుంది. రోజూ పొద్దున నలుగురు నర్సింగ్ అమ్మాయిలను అందులో కామారెడ్డి కాలేజీకి తీసుకుపోతుంది, సాయంత్రం ఎవరింటి ముందు వాళ్లను దించుతుంది. నడిపేది ఆడమనిషి కాబట్టే తండాలో ఉండే మంగ్లి తన కూతురు చందనను చదువుకు పంపింది. సాయిలత భర్త ఆకాశ్ తొమ్మిదేళ్లు మస్కట్‌లో డ్రైవరు. ఎడమకంటి చూపు పోయింది, దాంతో లైసెన్సు పోయింది, రెండేళ్ల కిందట ఇంటికొచ్చాడు. ఆ కారు ఆయన కొన్నదే. నడిపేది ఆమె.

ఇక లైటు. బండి దేనికైనా గుద్దుకుంటే రెప్పపాటులో ఉబ్బి మనిషిని కాపాడాల్సిన సంచి, ఎయిర్‌బ్యాగ్ అంటారు, అది పనిచేయడం లేదని చెప్పే లైటు. మీటరు మీద సీట్లో కూర్చున్న ఎర్రమనిషి బొమ్మ, అతని పొట్ట ముందు ఒక బంతి. మూడుసార్లు ఆర్పించారు. మూడుసార్లూ మళ్లీ వెలిగింది. మొన్న ఆకాశ్ తన తల్లి శాంతవ్వ ముందు నిలబడి తేల్చి చెప్పేశాడు. ఆదివారం లోపల లైటు ఆరకపోతే మద్నూర్ నుంచి కొనే పార్టీ వస్తది, బండి ఇచ్చేస్త, దాని మీద ఇంకో మాట లేదు.

ఇవాళ శనివారం.

రెండో శనివారం కాబట్టి కాలేజీ లేదు. ఎనిమిదింటికి సాయిలత ఒక్కతే బండి తీసింది. గేటు తీయడానికే ఐదు నిమిషాలు పట్టింది. ఆ గేటు గొళ్లేనికి ఆకాశ్ మస్కట్ నుంచి తెచ్చిన నీలం నైలాన్ తాడు కట్టాడు. సామాన్ల డబ్బాకు కట్టుకొచ్చిన తాడు అది. ఇంటికొచ్చాక ఇంకేం పని లేక దండేనికీ, నీళ్ల డ్రమ్ముకూ, మంచం కోడుకూ, అన్నిటికీ దాన్నే కట్టాడు. లాగేకొద్దీ బిగుసుకునే ముడి ఆయనది. ఎక్కడ పట్టి లాగితే ఊడుతుందో సాయిలతకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. చివరికి ఆకాశే వచ్చి, ఒక్క గుంజుడుతో విప్పి, గేటు తీసి పక్కకు నిలబడ్డాడు.

"పైలంగ పో," అన్నాడు. "ఆరకపోతే పరేషాన్ గాకు. ఎంత తిప్పలని పడ్తవు?"

లింగంపేట దాటేదాకా మీటరు వైపు చూడకూడదనుకుంది. ఊరు దాటకముందే చూసింది. ఎర్రమనిషి కూర్చునే ఉన్నాడు.

ఆమెకు కోపం లైటు మీద కాదు. లైటును చూసినవాళ్ల మీద. మొదటివాడు ఎల్లారెడ్డిలోనే, చేతిలో పట్టేంత మిషను తగిలించి బటను నొక్కాడు. "అయిపాయె అక్కా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఇరవై రోజులు తిరగలేదు. రెండోది పెద్ద ఊర్లో కంపెనీ వర్క్‌షాపు. చల్లగదిలో కూర్చోబెట్టి, చాయ ఇచ్చి, రెండు రోజులు బండి తమ దగ్గరే పెట్టుకుని, సిస్టం మొత్తం మార్చాలి మేడం అన్నారు. ఎందుకు మార్చాలంటే, మిషను మార్చమంటున్నది అన్నారు, అప్పటికి మాత్రం ఆర్పి ఇచ్చారు. మిషను చెప్పింది చదవడానికైతే నలుగురు మనుషులెందుకో ఆమెకు అర్థం కాలేదు. మూడోవాడు అందరికంటే ఘనుడు. లైటుకొచ్చే తీగ కోసేస్తే ఇంకెప్పుడూ వెలగదన్నాడు. జ్వరమొస్తే థర్మామీటరు పగలగొట్టమనే డాక్టరు ఇతనే అనుకుంది. "నా పక్క సీట్ల పద్దెనిమిదేండ్ల పిల్ల కూసుంటదన్నా," అని కేకలేస్తే, ఏదో తుడిచి, ఏదో ఊది, సణుగుతూ ఆర్పి పంపాడు.

రోజూ ఆ పక్క సీట్లో కూర్చునేది చందన. ఆ లైటు సంగతి తెలియని పిల్ల, ఒడిలో పుస్తకం పెట్టుకుని ఎముకల పేర్లు వల్లెవేస్తుంది. ఆ ఎర్రమనిషి అర్థమేమిటో మంగ్లికి ఎవరైనా చెబితే మర్నాటి నుంచి ఆ పిల్ల బండెక్కదు. బండి అమ్మేసినా ఎక్కదు. ఎటు చూసినా ఒకటే, అందుకే ఇవాళ ఎలాగైనా ఆరాలి.

నిజాంసాగర్ చౌరస్తా దగ్గర సందులో ఒక రేకుల షెడ్డు ఉంది. వైరింగ్ బీరయ్య అంటే ఎవరైనా చూపిస్తారు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు బోరు మోటర్లకు తీగ చుట్టేవాడు, తర్వాత కార్లకు మళ్లాడు. అతని దగ్గర ఒక తిక్క ఉంది. బండిని ముందు చూడడు. బండి తెచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతాడు.

"కాకా, ఎల్లారెడ్డి నుంచి వచ్చిన. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరుతలేదు. ముగ్గురికి చూపిచ్చిన..."

"లైటు నాకు కనవడ్తనే ఉన్నది. ఎప్పుడు వెలిగింది?"

"మొన్న."

"మొన్న అంటె ఏ దినం? సక్కగ యాది చేస్కో."

సాయిలతకు ఒళ్లు మండింది. పొద్దున తిన్నది లేదు, రేపు తొమ్మిదింటికి మద్నూరోళ్లు వస్తారు, ఈ పెద్దమనిషికి పంచాంగం కావాలి. అయినా గుర్తు చేసుకుంది. "అమాస్య తెల్లారి."

"దానికి ముందు?"

కంపెనీ వర్క్‌షాపు నుంచి వచ్చాక వెలిగింది ఎప్పుడు? చందనకు పరీక్ష ఉన్న రోజు. ముందురోజు బండి బయటికి తీయొద్దని శాంతవ్వ పట్టుబట్టింది. ఎందుకు పట్టుబట్టింది? సాయిలత తలెత్తి బీరయ్యను చూసింది.

"అది గూడ అమాస్య తెల్లారే."

"ఊఁ," అన్నాడు బీరయ్య, బీడీ పక్కన పెట్టి. "దయ్యాలు నాకెర్క లేవు. కని అమాస్యకు మీ ఇంట్ల బండికి ఏం జేస్తరో చెప్పు."

"ఏం జేస్తం? కడుగుతం, కుంకుమ పెడ్తం, నిమ్మకాయ తొక్కిస్తం. అందరు చేసేదే."

"అందరు చేసేదే," అని లేచాడు. బ్యానెట్ ఎత్తి బ్యాటరీ తీగ ఊడదీశాడు. తర్వాత వచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

"మల్ల కూసున్నవేంది కాకా?"

"పది నిమిషాలు ముట్టొద్దు."

"నాకు టైం లేదు."

"టైం లేదన్నోళ్లే దవఖానల పండుకుంటరు బిడ్డా. ఆ సంచిని ఉబ్బిచ్చేది మందుగుండు. బ్యాటరీ పీకినంక గూడ జరసేపు దాని కడుపుల కరెంటు ఉంటది. తొందరపడి పుల్ల వెడితె నా మొకం మీదనే పేల్తది."

కోపం మీద కోపం వచ్చినా, ఆ ఒక్క మాటకు ఆమెకు కాస్త ధైర్యం కలిగింది. ముగ్గురిలో ఒక్కడూ పది నిమిషాలు ఆగలేదు. ఒక్కడూ భయపడలేదు. భయపడనివాడికి పని రాదని ఆమె ఈ మూడు నెలల్లో నేర్చుకుంది.

ఫోను మోగింది. ఆకాశ్. పొద్దున్నుంచి ఇది మూడోసారి.

"ఏమాయె లతా? ఆరిందా?"

"ఇంక చేతులే వెట్టలే."

"ఆయన గూడ సిస్టం మార్చుమనే అంటడు, చూడు. మద్నూరోళ్లు రేపు తొమ్మిదింటికే బయల్దేర్తరట. నువ్వు తిన్నవా?"

తినలేదంటే తిను అన్నాడు. ఆ మాటకు సాయిలత మెత్తబడింది. కోప్పడితే కోప్పడ్డాడు గానీ, బెంగ లేని మనిషి మూడుసార్లు ఫోను చేస్తాడా అనుకుంది.

పది నిమిషాలయ్యాక బీరయ్య డ్రైవరు సీటు నాలుగు బోల్టులూ విప్పి, సీటును వెనక్కి వంచి, కింద టార్చి వేశాడు. వేసినవాడు అలాగే ఆగిపోయాడు. తర్వాత మెల్లగా చేతులు వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు.

"ఇది ఎవరు కట్టిండ్రు?"

సాయిలత వంగి చూసింది. నల్లగుడ్డ మూట. పిడికిలంత ఉంది, చుట్టూ నల్లదారం. గుడ్డ మీద ఉప్పు తెల్లగా పొంగి గట్టిపడింది. దిష్టి మూట. రాళ్ల ఉప్పు, పటిక, మిరపకాయలు, జీడిగింజలు. బండి ఇంటికొచ్చిన దసరానాడు శాంతవ్వ కట్టింది. అది అక్కడున్నట్టు ఆమెకు తెలుసు. తెలిసి మరిచిపోయింది. గుమ్మానికి కట్టిన గుమ్మడికాయను రోజూ ఎవరు చూస్తారు?

"మా అత్తమ్మ."

"చూడు దేనికి కట్టిందో."

మూట సీటు కింది ఇనుప పట్టాకు కట్టలేదు. పసుపుపచ్చ తీగల కట్టకు కట్టింది. ఆ తీగలు పోయి కలిసే పసుపు సాకెట్టు మీద సరిగ్గా కూర్చుని ఉంది మూట. ఉప్పునీరు కారి సాకెట్టు సందులన్నీ పచ్చగా చిలుము పట్టాయి.

"కారుల ఇన్ని తీగలుంటయి. పసుపువి మాత్రం ఎయిర్‌బ్యాగ్‌వి," అన్నాడు బీరయ్య. "ముట్టొద్దు అని కంపెనోడు ఏసిన రంగది. ఉప్పు చెమ్మ గుంజుతది. గుడ్డ మీద నీళ్లు జల్లితె ఇంకింత. ఎండితె లైటు ఆరుతది, తడిస్తె వెలుగుతది. ఈ ఒక్క తీగ తప్పు మాట్లాడితె మొత్తం సిస్టం పండుకుంటది. నువ్వు ఇన్నొద్దులు నడిపిన బండిల సంచి ఉన్నది, లేవదు."

సాయిలతకు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎల్లారెడ్డివాడు సీటు కిందికి వంగి, గబుక్కున లేచి నిలబడటం. కంపెనీ వర్క్‌షాపులో తెల్లచొక్కా మనిషి, మేడం అక్కడ ఏదో ఉంది అని మాట మింగేయడం. మూడోవాడైతే దండం కూడా పెట్టుకున్నాడు. ముగ్గురూ చూశారు. ముగ్గురూ దిష్టి మూట మనమెందుకు ముట్టుకోవాలని వదిలేశారు. చెప్పినా సరిపోయేది. ఒక్కమాట చెబితే ఏం పోయింది వీళ్ల సొమ్ము?

"తీసెయ్ కాకా."

"నేను తియ్య."

"నువ్వు గూడనా?"

"కట్టిన చేతే విప్పాలె. ముప్పై ఏండ్ల కింద ఒక రైసు మిల్లు మోటరుకు కట్టినదాన్ని నేను కోసిన. నెల తిరగకముందే వాళ్ల బర్రె సచ్చింది. ఏం తిని సచ్చిందో ఎవరికెర్క? కని వాళ్లు ఇప్పటికి గూడ నాతోని మాట్లాడరు. నేను దిష్టిని నమ్మ బిడ్డా. మనుషుల్ని నమ్ముత. రేపు మీ ఇంట్ల పిల్లి తుమ్మినా బీరయ్యే తీసిండంటరు."

"నేను కోస్త. కటింగ్ ప్లేర్ ఇయ్యి."

ఇచ్చాడు. బండి నీది, కోసుకో అన్నాడు. సాయిలత సీటు పక్కన కూర్చుని ప్లేర్ నోరు తెరిచింది. నల్లదారం దాకా తీసుకుపోయింది. అక్కడ చెయ్యి ఆగింది.

మామ ఎంకయ్య పోయింది ఈ రోడ్డు మీదే. లింగంపేట మలుపు దగ్గర, వడ్ల ట్రాక్టరు మీదినుంచి పడి. ఆ సంగతి శాంతవ్వ ఎప్పుడూ ఎత్తదు. కోడలు బండి తీసిన ప్రతి పొద్దునా గేటు దగ్గర నిలబడి, మూలమలుపు తిరిగేదాకా చూసి గానీ లోపలికి పోదు. ఈ దారం తెగినాక రేపో ఎల్లుండో ఒక టైరు పంక్చరైనా చాలు, ఆ ముసలి ప్రాణం నిద్రపోదు. నిద్రపోకపోతే కోడలినీ పోనివ్వదు.

ప్లేర్ కింద పడేసి ఫోను తీసింది.

"అత్తమ్మా, వెంటనే కామారెడ్డి రా."

"ఏమైంది బిడ్డా? గుద్దినవా?"

"గుద్దలే. నువ్వు రావాలె. గంతే."

"మొన్ననే డోంగ్లి నుంచి బస్సుల వచ్చిన, నడుములు ఇంక సదురుకోనే లేదు..."

"మల్ల బస్సెక్కు!" అని అరిచి పెట్టేసింది. షెడ్డు ముందు పోతున్న ఇద్దరు ఆగి చూశారు.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సు ఎంతసేపు పడుతుందో ఆ బస్సులో కూర్చున్నవాళ్లకు ఒకలా, ఎదురుచూసేవాళ్లకు ఒకలా ఉంటుంది. రెండు గంటలు. బీరయ్య ఇంకో బండికి హారను బాగుచేసి, అది మోగుతుందో లేదో పదిసార్లు మోగించి చూశాడు. ప్రతి మోతకూ సాయిలత పళ్లు నూరింది.

ఒంటిగంటకు శాంతవ్వ ఆటో దిగింది. చేతిలో సంచి. సంచిలో నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ, కిలో రాళ్ల ఉప్పు.

ఆ ఉప్పు పాకెట్టును చూడగానే సాయిలత మూడు నెలలుగా ముగ్గురి మీదా దాచుకున్న కోపమంతా ఆ ఒక్క మనిషి మీద పడింది.

"ఇంక ఉప్పు తెచ్చినవా? సాలలేదా? ఇన్నొద్దులు ఏం బాగుచేయలేక సచ్చినమో తెలుసా? నీ ఉప్పే! నీ మూటే! నువ్వు పోయి పోయి ఆ తీగకే కట్టినవు!"

శాంతవ్వకు అర్థం కాలేదు. బీరయ్య టార్చి వేసి చూపించాడు, పసుపు తీగ చూపించాడు, చిలుము చూపించాడు. అక్కా అని పిలుస్తూ చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. విన్నాక ఆమె మొహం ఎర్రబడింది. ఏడుస్తుందనుకున్నాడు బీరయ్య. ఏడవలేదు.

"ఆ ఇనుముకు కట్టబోతి. మిగిలిన తీగలన్ని నల్లవి, ఎర్రవి. ఇదొక్కటి పసుపు రంగుల కనవడ్డది. పసుపు మంచిదని కట్టిన. తప్పా?"

"తప్పే అత్తమ్మా!"

"ఆ ఎర్రమనిషి కనవడ్డప్పుడల్ల దిష్టి ఇంక వోలేదని ఇంకో దోసెడు ఉప్పు ఏసిన. పసుపునీళ్లు జల్లిన. ఎవరన్న జెప్పిండ్రా నాకు, ఆ బొమ్మ ఏందో? ఏందే ఆ ఎర్రమనిషి అని నిన్ను అడిగిన. నీకు ఎర్క గాదు అత్తమ్మా, పో అన్నవు. అన్నవా లేదా?"

సాయిలత ఆ మాట నిజంగానే అంది. రెండుసార్లు అంది.

"ఎంకయ్య ట్రాక్టరుకు నేనేం కట్టలే," అంది శాంతవ్వ, గొంతు తగ్గించి. "కట్టు అని మా అత్త చెప్పింది. వడ్లు వానల తడుస్తున్నయని తొందరల వోయిండు. నేను కట్టలే."

శాంతవ్వ చెప్పులు విడిచి, కారు తలుపు దగ్గర కింద కూర్చుంది. మూటకు దండం పెట్టి, నల్లదారం కొస వెతికి, గోటితో ముడి గిల్లి, ఏదో గొణుక్కుంటూ విప్పింది. గట్టిపడ్డ మూట ఊడి చేతిలోకి వచ్చింది. ఎండి రాయిలా ఉంది.

"ఇది పొడిగ ఉన్నదేంది?" అన్నాడు బీరయ్య. "సాకెట్టు తడి ఉన్నది గద."

టార్చి ఇంకాస్త లోపలికి వేశాడు. మూట వెనక, దాని చాటున, ఇంకొకటి ఉంది. పాల పాకెట్టు కవరు. నిండా ఉప్పు, నీళ్లు పోసిన ఉప్పు. కవరుకు సూదితో పొడిచిన బెజ్జాలు. చుక్కచుక్కగా సాకెట్టు మీదికి కారేలా వంచి, తీగలకు గట్టిగా కట్టి ఉంది.

"అక్కా, ఇది గూడ నీదేనా?" అన్నాడు బీరయ్య.

"పాలకవరుల దిష్టి మూట ఎవరన్న కడ్తరా?" అంది శాంతవ్వ విసురుగా. చెయ్యి పెట్టి ముడి తడిమింది. చూడకుండానే ఒక కొస పట్టి ఒక్క గుంజు గుంజింది. ముడి ఊడిపోయింది. కవరుతోపాటు జానెడు తాడు ఆమె చేతిలోకి వచ్చింది.

నీలం నైలాన్ తాడు.

సాయిలత ఆ తాడును చూసింది. శాంతవ్వ తన చేతిని చూసుకుంది. ఆ ముడి విప్పడం ఆ ఇంట్లో ఇద్దరికే వచ్చు. రోజూ దండెం విప్పి కట్టుకోవాలని శాంతవ్వకు ఆకాశే నేర్పాడు.

"అత్తమ్మా, మొన్న అమాస్యకు..." అంది సాయిలత. పొద్దున్నుంచి అమావాస్యలు లెక్కపెట్టింది గానీ, ఈ ఒక్కటి తట్టలేదు.

"మొన్న అమాస్యకు నేనేడున్న?" అంది శాంతవ్వ మెల్లగా. "డోంగ్లిల లేనా, నా బిడ్డ వినీత పురుడు కాడ. అమాస్యకు ముందే వోయిన. బండిని నేను ముట్టుకోనే లేదు."

బీరయ్యకు తాడు సంగతి తెలియదు. కానీ అత్తాకోడళ్ల మొహాలు చూసి, ఇది తన పనిలో భాగం కాదని గ్రహించాడు. కవరునూ, తాడునూ తీసి బ్యానెట్ మీద పెట్టి, స్పిరిటు, బ్రష్షు తెచ్చుకుని సాకెట్టు శుభ్రం చేయడానికి కూర్చున్నాడు. అరగంట గీకాడు. గాలి కొట్టాడు. ఆరబెట్టాడు. సీటు బిగించి, బ్యాటరీ తీగ తగిలించి, మిషనుతో పాత తప్పు తుడిచేశాడు.

"తాళం తిప్పు బిడ్డా."

సాయిలత తిప్పింది. మీటరు మీద లైట్లన్నీ వెలిగాయి. ఎర్రమనిషి కూడా వెలిగాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆరిపోయాడు. మళ్లీ ఆపి తిప్పించాడు బీరయ్య. మళ్లీ వెలిగి, మళ్లీ ఆరిపోయాడు. ఇలా వెలిగి ఆరితేనే అంతా సవ్యంగా ఉన్నట్టు అన్నాడు.

"ఆరింది కదా అని ఎగురకు. ఒక పిన్నును ఉప్పు సగం తిన్నది. కొత్త సాకెట్టు తెప్పిస్త, బుధారం రా. అప్పటిదాక ఆ పిల్లల్ని ఎక్కించకు, నువ్వు గూడ మెల్లగ పో. ఇంగో మాట." గొంతు తగ్గించాడు. "ముందుగాల ఉప్పు పడ్డది తెలివి తక్కువకు. ఈ కవరు కట్టినోనికి తెలివి ఉన్నది. ఏ తీగ ఏంటిదో ఎర్క ఉన్నోడే కట్టిండు."

తొమ్మిదేళ్లు స్టీరింగ్ పట్టినవాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తాను నడపలేని బండిని ఊరికే అమ్ముతానంటే ఎవరూ ఒప్పుకోరు, లైటు ఆరకపోతే ఎవరూ అడ్డు చెప్పరు. సాయిలత స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి అలాగే కూర్చుంది. ఈ పది రోజులూ రోజూ ఎనభై కిలోమీటర్లు. పక్కన చందన, వెనక ముగ్గురు. లేవని సంచి ముందు ఐదుగురు ఆడపిల్లలు. పొద్దున గేటు తీసి పైలంగ పో అన్నాడు. తిన్నవా అని అడిగాడు. ఆమెకు ఏడుపు రాలేదు.

ఫోను మోగింది.

"లతా, ఆరిందా?"

మీటరు వైపు చూసింది. ఎర్రమనిషి లేడు.

"ఆరలే," అంది.

అవతల ఆకాశ్ ఊపిరి వదిలాడు. బరువు దించుకున్న మనిషి వదిలే ఊపిరి. అది ఆమె చెవికి స్పష్టంగా వినిపించింది.

"పోనీ తియ్," అన్నాడు. రెండేళ్లలో ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది ఆ గొంతు. "నువ్వు చేసేదంత చేసినవు. నీ తప్పేమున్నది? మద్నూరోళ్లను రమ్మంట."

"రమ్మను," అంది సాయిలత. "తొమ్మిదింటికే రమ్మను. నేను గూడ మంగ్లక్కను పిలుస్త. నలుగురి ముందట ఇద్దం."

ఆయన ఏదో అడగబోతుంటే పెట్టేసింది. బండి దిగి ముందుకొచ్చింది. ఆ తాడును రేపు నడింట్లో, మద్నూరోళ్ల ముందు, మంగ్లి ముందు, ఆయన ఒడిలో వేయాలి. వేసి, కట్టిన చేతే విప్పాలని చెప్పాలి. అంతే. ఇంకేం మాట్లాడనక్కర్లేదు.

బ్యానెట్ మీద పాలకవరు ఉంది. కారిన ఉప్పునీరు ఉంది. తాడు లేదు.

కింద చూసింది. చక్రం పక్కన చూసింది. బీరయ్య లోపల చేతులు కడుక్కుంటున్నాడు. శాంతవ్వ చెప్పులు వేసుకుని, సంచి చంకకు తగిలించుకుని, బస్టాండు వైపు తిరిగి నిలబడి ఉంది. కుడి పిడికిలి మూసి ఉంది.

"అత్తమ్మా, తాడేది?"

శాంతవ్వ చెంగును నడుములోకి గట్టిగా దోపుకుంది. కోడలి మొహంలోకి చూడలేదు.

"ఏ తాడు బిడ్డా?"